సాలమోను అరికాళ్ళు

రాజోలు,
జనవరి 12.

చెల్లెలు జయమ్మకి,

నేను బాగున్నాను. నువ్వు నర్సులకి పాఠాలు చెప్పేదానివి కాబట్టి బాగుండకపోతే అది నీ తప్పే.

ఫోనులో అడగొచ్చు కదా అంటావు. నాకు చెవి తక్కువ. దాని గొంతు పెంచి పెడితే నువ్వు శ్రీకాకుళంలో దగ్గింది మా వీధి చివరి ఇంటికి వినపడుతుంది. ఇది మా కోడలు హన్నా వినకూడని సంగతి. అందుకే మూడో తరగతి చదువుతో కాగితం పట్టుకున్నాను.

సంగతి నాది కాదు, దేవసహాయానిది. నీకు తెలుసుగా, నాతో పాటు నలభై ఏళ్ళు కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపినవాడు. అతనికి ఎడమకాలి చెప్పు నడుస్తుంటేనే ఊడిపోతోంది. ఊడినట్టు తెలియదు. మొన్న సంతకి రెండు చెప్పులతో వెళ్ళి ఒక చెప్పుతో తిరిగొచ్చాడు. చెప్పుల కొట్టువాడితో పెద్ద తగాదా పెట్టుకుని కొత్త జత తెచ్చాడు. అందులోదీ పోయింది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పావుగంట పడుతోంది. కోడలు చూస్తుందని బొత్తాలు లేని బనీనుతోనే తిరుగుతున్నాడు.

ఇది జబ్బు కాదని నేనన్నాను. యాభై ఏళ్ళు చెట్టుకి రాసుకున్న అరికాళ్ళు. కాయలు కాచి దున్నపోతు తోలులా తయారయ్యాయి. ఆ తోలు దాటుకుని లోపలికి ఏం తెలుస్తుంది? పోయిన నెల పొయ్యిలోంచి జారిన నిప్పు మీద నిలబడి కాఫీ అంతా తాగాను, అంటే తాగాడు. కమురు వాసనకి హన్నా పరుగెత్తుకొస్తే గాని తెలియలేదు. అలాంటి పాదం ఈ మండలంలో ఇంకొకడికి లేదు.

మార్చి 29 మట్టల ఆదివారం. మన చర్చి ముందున్న పొడుగు చెట్టెక్కి, అందరి చేతుల్లోకీ మట్టలు కొట్టి దింపేది నేనే. ఇది యాభయ్యోసారి. పోయిన ఏడు చెట్టు మీదే అరగంట ప్రార్థన చేశానని జనం ఇంకా చెప్పుకుంటున్నారు. ఈ ఏడు శాలువా కప్పుతారట, కరపత్రం వేశారు. కాబట్టి దేవసహాయం సంగతి తొందరగా తేల్చు. కింద మట్టలు అందుకునేది అతనే.

అరికాళ్ళకి రాసే మందేదో పేరు రాయి. ఘాటైనది రాయి.

నీ అన్న,
సాలమోను


శ్రీకాకుళం,
జనవరి 19.

అన్నయ్యకి,

దేవసహాయం గారికి ముగ్గురూ కూతుళ్ళే. కోడలు ఎక్కడినుంచి వచ్చింది? సరే, పరాయివాళ్ళ ఇంటి సంగతులు నాకెందుకు. ఇది ఆయనకే చదివి వినిపించు.

అరికాళ్ళకి మందు రాయక్కర్లేదు. మెదడు పుర్రె లోపల ఉంటుంది, టెంకలో కొబ్బరి ఉన్నట్టు. దాని అడుగునుంచి ఒక తాడులాంటిది బయలుదేరి వెన్నెముక లోపలినుంచి దిగుతుంది. అది వెన్నుపాము. చిటికెనవేలంత లావు, మూరెడు పొడుగు, అంతే. నడుము దాకా కూడా పూర్తిగా రాదు. కొంచెం పైనే ఆగిపోయి, అక్కణ్ణుంచి గుర్రం తోకలా పాయలు పాయలుగా నరాలు దిగుతాయి. దాని కాపలాకి ముప్ఫైమూడు వెన్నుపూసలు. వాటి సందుల్లోంచి కుడికొకటి ఎడమకొకటి చొప్పున ముప్ఫై ఒక్క జతల నరాలు బయటికొస్తాయి. మెడ దగ్గరవి చేతులకి, నడుము దగ్గరవి కాళ్ళకి.

ఇది గుర్తుపెట్టుకో. కాలి బొటనవేలికి పోయే కబురైనా మెదడునుంచి మెడలోంచే దిగాలి. బొటనవేలి కబురు మెదడుకి చేరాలన్నా మెడలోంచే ఎక్కాలి. వేరే దారి లేదు.

ఒక్క పని మాత్రం వెన్నుపాము మెదడుని అడక్కుండా చేసేస్తుంది. నిప్పు తొక్కితే కాలు లాగేస్తుంది. కబురు పైకి తర్వాత పంపుతుంది. మన అమ్మ ముందు దెబ్బ వేసి, నాన్న ఇంటికొచ్చాక సంగతి చెప్పేది చూడు, అలా. నిప్పు మీద నిలబడి కాఫీ తాగాడంటే అది గొప్ప కాదు. కబురు కింద కదలడం లేదు, పైకి పోవడం లేదు. ఎంత కాయలు కాచిన పాదానికైనా కాలితే తెలియాలి.

నువ్వు దగ్గరుండి మూడు పరీక్షలు చేయించు. పాదాలు దగ్గర పెట్టి కళ్ళు మూసుకుంటే తూలుతున్నాడా? గడ్డం గుండెకి ఆనేలా తల వంచితే వీపులో కరెంటు పాకినట్టుందా? గుప్పిట మూసి తెరవడం పది సెకన్లలో ఎన్నిసార్లు చేయగలడు? ఇరవైకి తగ్గకూడదు.

తర్వాత అమలాపురంలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. చెట్టు మాత్రం ఎక్కనీయకు. దేవసహాయం గారినే అంటున్నాను.

చెల్లెలు,
జయమ్మ


రాజోలు,
జనవరి 29.

జయమ్మకి,

ముప్ఫైమూడు పూసలని రాశావు. కాలవలో స్నానం చేస్తూ దేవసహాయం చేత నా వీపు మీద లెక్కపెట్టించాను. మెడనుంచి కిందిదాకా మూడుసార్లు లెక్కపెట్టి ఇరవైనాలుగే అన్నాడు. అదీ ఒకసారి ఇరవైరెండు వచ్చింది. మిగతా తొమ్మిదీ ఎవరు పట్టుకుపోయారు? చదువు చెప్పేదానివి, ముందు లెక్క సరిగ్గా చూసుకో.

పరీక్షలు చేయించాను. కళ్ళు మూసుకుంటే తూలాడు, గుమ్మం పట్టుకున్నాడు. మెడ వంచితే కరెంటు కొట్టింది. అది ఏడాదినుంచీ ఉంది, మంచం పట్టెల మీద పడుకున్నందుకు అనుకున్నాడు. గుప్పిట పదకొండుసార్లు. మా గడియారం పరుగెత్తుతుంది కాబట్టి పదిహేను వేసుకో.

అమలాపురం కూడా తీసుకెళ్ళాను. దేవసహాయం బయట బెంచీ మీద కూర్చుని బజ్జీలు తిన్నాడు, లోపల పరీక్ష జరిగింది. అది ఎలాగని అడక్కు. డాక్టరు కుర్రాడే, మర్యాదస్తుడు. మోకాలి కింద రబ్బరు సుత్తితో చిన్నగా కొట్టాడు. కొట్టీ కొట్టకముందే కాలు ఎగిరి ఆయన చేతిలో పెన్ను ఎగరగొట్టేసింది. డెబ్భై ఒకటో ఏట అంత జోరు! ఆయన రెండోసారి కొట్టేటప్పుడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. నాకు సంతోషమేసింది.

తర్వాత స్కూటరు తాళంచెవితో అరికాలి మీద మడమనుంచి వేళ్ళదాకా గీశాడు. బొటనవేలు పైకి లేచి నిలబడింది. మిగతా వేళ్ళు విసనకర్రలా విచ్చుకున్నాయి. "తాతగారూ, ఇది ఎప్పట్నించండీ?" అన్నాడు. "పుట్టినప్పట్నించీ అండీ, చెట్టెక్కేవాళ్ళ వేళ్ళు అలాగే పట్టు పడతాయి" అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు. మెచ్చుకునే రాసుకుని ఉంటాడు.

ఇంతా చేసి మెడకి పెద్ద ఫోటో తీయించుకోమని చీటీ ఇచ్చాడు. కాలు చూడమంటే మెడకి ఫోటో! కాలెక్కడో మెడెక్కడో తెలియని మనిషితో ఏం మాట్లాడతాం. చీటీ జేబులో పెట్టుకుని బస్సెక్కేశాం.

మందు పేరు ఇంకా రాయలేదు నువ్వు.

సాలమోను


శ్రీకాకుళం,
ఫిబ్రవరి 4.

అన్నయ్యా,

దేవసహాయం గారి చేతులు మొద్దుబారితే నీ అక్షరాలెందుకు వంకరపోతున్నాయి? నిరుడు క్రిస్మస్‌కి రాసిన ఉత్తరం పక్కన పెట్టి చూశాను. నీ "జ" ఎప్పుడూ కోడిపెట్టలా కూర్చునేది. ఇప్పుడు చెదిరిపోయిన గూడులా ఉంది.

ఆయనకి ఫోను కూడా చేశాను. "నాకేంటండీ చెల్లెమ్మగారూ, ఆయ్, నిన్న కూడా ఆరు చెట్లెక్కేను. అమలాపురంలో బజ్జీలు మాత్రం బాగాలేవండీ" అన్నారు. ఇక ఆయన్ని వదిలెయ్.

ఆ తొమ్మిదీ ఎవరూ పట్టుకుపోలేదు. అడుగున అయిదు ఒకటిగా అతుక్కుపోతాయి, తోక చివర నాలుగు ఒకటవుతాయి. చేతికి తగిలేవి ఇరవైనాలుగే. దేవసహాయం గారి లెక్క మా పిల్లల లెక్క కంటే నయం.

నీ గొప్పల సంగతికి వస్తాను. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవాల్సింది ఏడాది నిండని పసిపిల్లలకి. నడక వచ్చాక కిందికి ముడుచుకోవాలి. డాక్టరు పెన్ను ఎగరగొట్టింది నీ బలం కాదు. పైనుంచి "ఇక చాలు" అని చెప్పే మెదడు మాట కిందికి చేరడం లేదు కాబట్టి వెన్నుపాము తన ఇష్టం వచ్చినట్టు తన్నింది. ఆయన మెచ్చుకోలేదు, కంగారుపడ్డాడు.

మట్టలు చివర కత్తిరించినట్టు కోసుకుపోయి కనపడితే నువ్వేం చేస్తావు? మట్టకి మందు రాస్తావా? చెట్టు నడినెత్తిన లేత మొవ్వులోకి చూస్తావు. కొమ్ము పురుగు మొవ్వులో తిన్నది నెలల తర్వాత మట్ట విచ్చుకున్నప్పుడు కదా బయటపడేది. నీ పాదం మట్ట. నీ మెడ మొవ్వు. మెడపూసలు వయసుకి ముదిరి, పెరిగి, లోపల వెన్నుపాముని నొక్కుతున్నాయని నా అనుమానం. ఫోటోలో తేలుతుంది. ఆపరేషన్ చేసి నొక్కు తీసేస్తే ఉన్నది నిలబడుతుంది. పోయింది తిరిగొస్తుందని ఎవరూ మాటివ్వరు. ఊరుకుంటే కాళ్ళు పోతాయి, చేతులు పోతాయి, ఒంటికి వెళ్ళడం కూడా నీ చేతిలో ఉండదు.

ఆ మెడతో అరవై అడుగుల చెట్టెక్కుతావా? హన్నాకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?

జయమ్మ

పేరు చెప్పకుండా నీ ఉత్తరం క్లాసులో చదివాను. ముప్ఫైమంది పిల్లలకి వెన్నుపాము పాఠం ఒక్కరోజులో వచ్చేసింది.


రాజోలు,
ఫిబ్రవరి 12.

జయమ్మకి,

నన్ను ముప్ఫైమంది ఆడపిల్లల ముందు పసిపిల్లాణ్ణి చేశావు. నిన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని రాజోలు బడికి తొక్కినవాణ్ణి నేను. మొవ్వు మాట రాయకపోయి ఉంటే నీ ఉత్తరం పొయ్యిలో పెట్టేవాణ్ణి. మొవ్వు గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రాత నాలుగుసార్లు చదివాను.

ఇప్పుడు ఒకటి చెబుతాను. ఇది నీ పిల్లలకి చదివావంటే నీకూ నాకూ సంబంధం లేదు.

పోయిన ఏడు చెట్టు మీద నేను ప్రార్థన చేయలేదు.

ఏడు మట్టలు కొట్టాను. ఎనిమిదోది కొట్టబోతే చేతిలో కత్తి లేదు. ఎప్పుడు జారిందో తెలియదు. దేవుడి దయవల్ల ఎవరి మీదా పడలేదు. సరే దిగుదామనుకుంటే కాళ్ళు చెట్టుకి ఆనాయో గాలిలో ఉన్నాయో తెలియలేదు. వంగి చూస్తే గాని నా పాదం ఎక్కడుందో నాకు తెలియలేదు జయమ్మా. అవి ఎవరివో పాదాల్లా ఉన్నాయి. వంగినప్పుడల్లా వీపులో కరెంటు. చెట్టుని రెండు చేతులా కావలించుకుని "దేవా, దేవా" అన్నాను. కింద దేవసహాయం "ఆమెన్" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆమెన్ కాదురా, నిచ్చెన తే" అని అరిచాను. వాడు ఇంకా గట్టిగా "ఆమెన్" అన్నాడు. అక్కణ్ణుంచి వాణ్ణి తిట్టని తిట్టు లేదు. సముద్రం గాలికి అవన్నీ కింద స్తోత్రాల్లా వినపడ్డాయట. పాస్టరుగారు పాట అందుకున్నారు. ఆడవాళ్ళు ఏడ్చారు.

అరగంటకి ఎలాగో జారుకుంటూ దిగాను. గుండె మీద తోలంతా లేచిపోయింది. పాస్టరుగారు కావలించుకున్నారు. నేను నోరు తెరిచేలోగా నలుగురు ముసలమ్మలు నా కాళ్ళు ముట్టుకున్నారు. అవీ నాకు తెలియలేదు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ గౌరవం బాగుంది, వదులుకోలేకపోయాను. ఇప్పుడు కరపత్రంలో "చెట్టు మీద ప్రార్థన" అని పెద్ద అక్షరాలతో వేశారు. ఎక్కకపోతే ఎందుకని అడుగుతారు. ఎక్కితే పడతాను. ఏం చెయ్యమంటావు?

సాలమోను


శ్రీకాకుళం,
ఫిబ్రవరి 17.

అన్నయ్యా,

ఎవరికీ చదవలేదు. తలుపు వేసుకుని ఒక్కదాన్నే నవ్వాను, తర్వాత ఏడ్చాను.

హన్నాకి మెడ సంగతి చెప్పాను, చెట్టు సంగతి చెప్పలేదు. నన్ను తిట్టుకో. రేపే ఫోటోకి తీసుకెళుతుంది. ఆపరేషనంటే నేను కాకినాడ వచ్చి పక్కన ఉంటాను. చర్చిలో ఏం చెప్పాలో నేను చెప్పను. అది నీ నోరు. మెడ మాత్రం నేను చెప్పినట్టు వినాలి.

జయమ్మ


రాజోలు,
ఫిబ్రవరి 26.

జయమ్మకి,

ఫోటో అయింది. తూములాంటి దాంట్లోకి తోసేశారు. కదలొద్దన్నారు గాని పాడొద్దని అనలేదు. లోపల పెళ్ళిమేళం లాంటి మోత మొదలైంది, నేను దానికి సరిపడా కీర్తన అందుకున్నాను. ఫోటో చెదిరిపోయిందని మళ్ళీ మొదటినుంచి తీశారు. రెండోసారి మోత ఎక్కువసేపు పెట్టారు, కక్షకే అయుంటుంది.

డాక్టరు ఆ నల్ల కాగితం వెలుగులో పెట్టి చూపించాడు. తెల్లటి తాడు చక్కగా దిగుతూ మెడ దగ్గర రెండుచోట్ల పిసికేసినట్టుంది. నేనే వేలు పెట్టి "ఇక్కడ తినేసిందండీ" అన్నాను. "సరిగ్గా చెప్పేరు తాతగారూ" అన్నాడు. మార్చి 6న ఆపరేషన్.

హన్నా నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ "మావయ్యగారూ, మట్టలు నేను దింపుతానండీ" అంది. నిరుడు కొబ్బరి బోర్డు వాళ్ళ శిక్షణలో చెట్టెక్కే యంత్రం నేర్చుకుందిలే. ఇనుప సామాను కాళ్ళకి కట్టుకుని, మెట్లమీద నడిచినట్టు ఎక్కుతుంది. "అది చెట్టెక్కడమా, సైకిలు తొక్కడమా?" అన్నాను. "మీరు పడిపోయేలా ఎక్కుతారండీ, నేను పడకుండా ఎక్కుతాను. ఏది నయమండీ?" అంది. ఈ కోడలికి నోరు ఎవరిచ్చారో!

పాస్టరుగారితో మాత్రం నాకు జలుబని చెప్పాను.

సాలమోను


శ్రీకాకుళం,
మార్చి 22.

అన్నయ్యా,

నీ పక్కన పద్నాలుగు రోజులున్నాను, నా ప్రాణం తీశావు. ఆపరేషన్ చేసిన డాక్టరుకి కొబ్బరి దింపడం నేర్పుతుంటే ఆయన కుట్లు విప్పడం ఎలాగయ్యా?

మెడపట్టీ నిద్రలో కూడా తీయకు. గుప్పిట పదిహేడుసార్లు వచ్చింది, నేనే లెక్కపెట్టాను. కాలి సంగతి ఆలస్యమవుతుంది, రాకపోవచ్చు కూడా. దిగులు పెట్టుకోకు.

మెడకి కోత పెట్టిన జలుబు ఏమిటని పాస్టరుగారు నాకే ఫోను చేశారు. అన్నయ్యనే అడగండి అన్నాను.

జయమ్మ


రాజోలు,
మార్చి 31.

జయమ్మకి,

ఆదివారం జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే చెట్టు మొదట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఈ పట్టీతో తల ఎత్తడానికి లేదు. ముందు హన్నా మోకాళ్ళు కనపడ్డాయి, తర్వాత మడమలు, ఆపైన ఏమీ లేదు. ఇనుము కిర్రుమనే చప్పుడుని బట్టి ఎంత ఎత్తులో ఉందో లెక్కకట్టి "ఎడం పక్క ముదురు మట్ట, అది కొట్టు" అని అరుస్తున్నాను. దేవసహాయం "ఒరేయ్ సాలమోనూ, అమ్మాయి ఇటుంటే అటు చూసి అరుస్తావేంట్రా" అన్నాడు. పదిహేను మట్టలు దిగాయి. నేను పన్నెండు దాటించలేదు ఎప్పుడూ. ఇది ఎవరికీ చెప్పకు.

లోపలికెళ్ళాక పాస్టరుగారు శాలువా విప్పారు. "ఈ ఏడు ఆరోగ్యం బాగాలేక ఎక్కలేకపోయేరు గానండీ, పోయిన ఏడు సాలమోనుగారు చెట్టు మీద..." అని మొదలుపెట్టారు. నేను లేచి మైకు అందుకున్నాను.

"నేను ప్రార్థన చెయ్యలేదండీ. చేతులు పట్టు తప్పేయి. కాళ్ళు తెలియలేదు. చచ్చేంత భయమేసి చెట్టుని కావలించుకున్నాను. దేవుణ్ణి రెండుసార్లు పిలిచేను. మిగతా అరగంటా దేవసహాయాన్ని తిట్టేను" అన్నాను.

పాస్టరుగారి చేతుల్లో శాలువా అలాగే ఉండిపోయింది. దేవసహాయం లేచి నిలబడ్డాడు.

"ఏం తిట్టేవురా?"

"చర్చిలో చెప్పేవి కావురా."

"మా నాన్ననేమైనా అన్నావా?"

"మీ తాతనించీ మొదలెట్టేను."

ముందు వరసలో ముసలమ్మ ఎవరో పకపకా నవ్వింది. ఆపైన ఆగలేదు. పిల్లలు బల్లలు గుద్దారు. పాస్టరుగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మరి ఈ శాలువా ఏం చెయ్యమంటారండీ?" అన్నారు. "చెట్టెక్కినవాళ్ళకి కప్పండి" అన్నాను. హన్నా వద్దండీ వద్దండీ అంటూనే ఉంది, చేతులకి గ్రీజు. కప్పేశారు. నాకు కొంచెం కడుపు మండింది. అబద్ధం చెప్పను.

తర్వాత అందరూ మట్టలు పట్టుకుని నిలబడ్డారు. పెద్ద ప్రార్థన మొదలైంది. నేను కుర్చీలోనే ఉన్నాను. మిగిలిన మట్టలు నా కాళ్ళ దగ్గర పడేశారు. ప్రార్థన సగంలో "అబ్బా!" అని అరిచేశాను. పాస్టరుగారు ఆగిపోయారు. మళ్ళీ దేవసహాయాన్నే తిడుతున్నానని అందరూ వాడి వైపు తిరిగారు.

వాడు కాదు. మట్టలోంచి ఎర్రచీమ పాకి ఎడమకాలి వేళ్ళ సందున కుట్టింది. ఎడమకాలే జయమ్మా. మంట ఝుమ్మని ఎక్కింది.

హన్నా గబగబా వంగి దులపబోయింది.

"ఉండనీ అమ్మా" అన్నాను. "ఇంకోసారి కుట్టనీ."

నీ అన్న,
సాలమోను